చెట్టుకు లెక్క ఉంది, కూలికి లేదు (ఉద్దానం రాతలు – 3)

పోయిన భాగం చదివి టెక్కలి నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ చివరి ఏడాది. "అన్నా, కార్బన్ క్రెడిట్ల స్టార్టప్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చింది. వెంచర్ క్యాపిటల్ డబ్బున్న కంపెనీ. వెళ్తే తప్పా?"

వెళ్లు తమ్ముడూ. మనోళ్లు ఆ గదుల్లో లేకపోవడమే అసలు తప్పు. కానీ వెళ్లేముందు తిత్లీని ఒకసారి గుర్తు చేసుకో.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తర్వాత లెక్కలు రాసుకోవడానికి వచ్చారు. కొబ్బరికి చెట్టు లెక్కన, జీడికి హెక్టారు లెక్కన పరిహారం. భూమి ఎవరి పేరు మీదుంటే డబ్బు వాళ్లకి. ఆ చెట్టెక్కి కాయ దింపినోడికి, పీచు తీసినోడికి, జీడిపిక్కలు ఏరిన ఆడకూతురికి ఆ కాగితంలో చోటే లేదు. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. అన్నాళ్లూ వాళ్ల కూలి ఎవడు లెక్కగట్టాడు?

ఇప్పుడు నీ కంపెనీ కూడా చెట్లనే లెక్కపెడుతుంది. రైతు పొలంలో మొక్కలు నాటించి, అవి పీల్చుకున్న కార్బన్‌ను శాటిలైట్ బొమ్మలతో, నేలమీది కొలతలతో అంచనా వేస్తుంది. టన్నుకో క్రెడిట్. ఏ విదేశీ కంపెనీయో కొంటుంది, రైతుకి వాటా వస్తుంది. అరకులో నాంది ఫౌండేషన్, లైవ్లీహుడ్స్ ఫండ్ కలిసి ఆదివాసుల భూముల్లో లక్షల చెట్లు నాటించాయి. కాఫీ, పండ్లు ఆదివాసులవి, క్రెడిట్లు పెట్టుబడి పెట్టిన కంపెనీలవి. దాన్ని ఎలా చూసినా, అక్కడ 1/70 చట్టం వల్ల చట్టం ముందైనా భూమి ఆదివాసీది.

మన దగ్గర? చెట్ల కార్బన్ ఒప్పందాలు ఇరవై ఏళ్లకి కూడా రాస్తారు. 2019 చట్టం కింద కౌలురైతుకిచ్చే కార్డు 11 నెలలది, దానికీ భూయజమాని ఒప్పుకోవాలి. పదకొండు నెలల మనిషి ఇరవై ఏళ్ల కాగితం మీద ఎలా సంతకం పెడతాడు? పేటలో కొందరికి డి-పట్టా ఉంది, అదీ ముక్కలు ముక్కలు.

వెంచర్ ఫండ్ ఆయుష్షు సుమారు పదేళ్లు. పది కంపెనీల్లో డబ్బు పెడితే ఎక్కువ మునుగుతాయని దానికి ముందే తెలుసు. ఒకటో రెండో మిగతావన్నీ కట్టేంత లాభం తేవాలి. అందుకే స్టార్టప్‌కి ఎకరాలు కావాలి, అదీ తొందరగా. యాభై ఎకరాల ఆసామి ఒక్క సంతకం చేస్తే పని అయిపోతుంది. అదే యాభై ఎకరాలు అరెకరం పట్టాల్లో కావాలంటే వంద గడపలు తొక్కాలి. ఇందులో ఎవరి దుర్మార్గం వెతకనక్కర్లేదు, ఎక్సెల్ షీటే ఆ పని చేస్తుంది. చిన్నరైతు గ్రీన్‌హౌస్‌తో 2022లో ఎర్త్‌షాట్ బహుమతి గెలిచిన మన తెలంగాణ సంస్థ ఖేతి మంచిపనే చేసింది. అయినా గ్రీన్‌హౌస్ వేసుకోవడానికి ముందు కాస్త భూమి ఉండాలిగా.

ఇంకోటి. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. సోంపేట ప్లాంటు రాలేదు, కాకరాపల్లిది సగంలో ఆగింది. ఎంత బొగ్గు కాలకుండా మిగిలిందో నీ కంపెనీ కంప్యూటర్ చిటికెలో చెబుతుంది. ఆ ఊళ్లకి ఒక్క క్రెడిట్ రాలేదు.

మొదటి వారంలోనే మూడు అడుగు. ఒప్పందంలో కౌలుదారు సంతకానికి గీత ఉందా? మొక్క నాటి, నీళ్లు మోసిన కూలికి క్రెడిట్ డబ్బులో పాలు ఉందా? రేపు ఇంకో తిత్లీ వచ్చి చెట్లు పడిపోతే నష్టం ఎవరి నెత్తిన?

"మూడోది అడిగితే ఉంచుతారా అన్నా?" అన్నాడు. నవ్వాను. మొదటిది అడిగినా ఉంచకపోవచ్చు.

వచ్చే భాగంలో జీడితొక్క నూనె గురించి. దాన్ని ఓడల ఇంధనంలో కలిపే ప్రయోగాలు జరుగుతున్నాయి. ఆ నూనెకి వేళ్లు కాలిన పలాస అక్కలతో మాట్లాడి రాస్తాను.