కానుగను డీజిల్ కొలతతో తూచకండి

వడ్డాది నుంచి మాడుగుల వెళ్ళే దారిలో ఎవరినైనా కానుగ గురించి అడగండి. “డీజిల్ కాస్తుందన్నారు, నాటించారు, ఏం ఒరిగింది?” అంటారు. చదువుకున్నవాళ్ళ మాట కూడా ఇదే. జీవ ఇంధనం పథకం బోల్తా కొట్టింది కాబట్టి కానుగ నీడకూ వంటచెరకుకూ తప్ప పనికిరాదని తేల్చేశారు. ఈ తీర్పు అన్యాయమైనది. చెట్టు చేస్తానని ఎన్నడూ చెప్పని పనిని దాని నెత్తిన పెట్టి, చేయలేదని నింద వేస్తున్నాం.

ఆ పని ఎవరు పెట్టారో గుర్తు చేసుకుందాం. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒకటి బంజరు భూముల్లో నూనెగింజల చెట్లు పెంచి డీజిల్‌లో కలపవచ్చని చెప్పింది. దేశమంతటా అడవి ఆముదం నాటారు, మన ఉమ్మడి రాష్ట్రంలో దానికి కానుగ తోడైంది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టుకుంది. 2018లో వచ్చిన కొత్త విధానం బయోడీజిల్ లక్ష్యాన్ని 5 శాతానికి దించి, గడువును 2030కి జరిపింది. కానుగకు నీరు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, రాళ్ళలోనూ కాస్తుంది అని ఊరూరా చెప్పారు. కానుగ రాళ్ళలో బతుకుతుంది, నిజమే. ఉప్పు నేలలోనూ బతుకుతుంది. కాని బతకడం వేరు, కాయడం వేరు. ఏటి గట్టున వేళ్ళకు తడి తగిలే కానుగనూ, మెట్టమీద గిడసబారిన కానుగనూ చూసిన రైతుకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంతకన్నా పెద్ద తప్పు మొక్కల దగ్గర జరిగింది. కానుగలో పరపరాగ సంపర్కం ఎక్కువ. ఒకే తల్లిచెట్టు గింజల నుంచి వచ్చిన మొక్కలు కూడా ఒకదానిలా ఒకటి ఉండవు. ఎదిగిన చెట్లలో ఒకటి ఏడాదికి పది కిలోలు కూడా ఇవ్వకపోతే, మరొకటి అంతకు అనేక రెట్లు ఇస్తుంది. నూనె శాతం కూడా చెట్టుచెట్టుకూ మారుతుంది. ఏరిన చెట్ల నుంచి అంట్లు కడితే తల్లి గుణం నిలుస్తుంది, కాపు కూడా ముందే వస్తుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ గ్రెషాఫ్ బృందం ఇలా మేలైన చెట్లను ఎంచే పని మీదే పరిశోధన సాగించింది. అమెరికాలో టెర్వివా అనే సంస్థ తెగులుతో దెబ్బతిన్న ఫ్లోరిడా నారింజ తోటల నేలల్లో ఎంపిక చేసిన కానుగ వేస్తోంది. ఇక్కడ మనం దొరికిన గింజ దొరికినట్టు సంచుల్లో మొలకెత్తించి లక్షల మొక్కలు పంచాం. టెంకలు పాతి పెంచిన తోటలో తీపి పండు రాలేదని మామిడి జాతినే తిట్టే రైతు మన వైపు ఒక్కడు కూడా ఉండడు. కానుగ విషయంలో మాత్రం అదే చేశాం.

ఇక లెక్క. అటవీ ఫలసాయానికి కేంద్రం ప్రకటించే మద్దతు ధరల్లో 2020లో కానుగ గింజకు కిలోకు 22 రూపాయలు. లీటరు నూనెకు సుమారు నాలుగు కిలోల గింజ కావాలి, అంటే 88 రూపాయలు. గానుగ ఖర్చు, నూనెను డీజిల్‌గా మార్చడానికి కావలసిన మిథనాల్, కాస్టిక్ సోడాల ఖర్చు ఇంకా కలపనే లేదు. గింజ పాతబడితే నూనెలో ఆమ్లం పెరిగి, కాస్టిక్‌తో కలిసి సబ్బుగా మారుతుంది, డీజిల్ పాలు తగ్గుతుంది. కాబట్టి డీజిల్ గిట్టదన్న మాటను నేను కాదనను. కాని ఆ నాలుగు కిలోల్లో గానుగ దగ్గర మిగిలిపోయే మూడు కిలోల చెక్కను లెక్కలోంచి ఎందుకు తీసేశారు? నా వాదనంతా ఆ చెక్క మీదే.

కానుగ చెక్కలో నత్రజని సుమారు 4 శాతం. యూరియాలో 46 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చెక్కను తీసిపారేసేవాళ్ళు ఒక సంగతి మరిచిపోతున్నారు. మడిలో వేసిన యూరియా ముందు అమ్మోనియంగా, తర్వాత నేలలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్ నీటితో కిందికి దిగిపోతుంది, కొంత గాలిలో కలుస్తుంది. రైతు కొన్న ఎరువులో పెద్ద భాగం పైరుకు అందకుండా పోయే దారి ఇదే. కానుగ గింజలోని కరంజిన్ అనే పదార్థం ఈ మార్పును నెమ్మదింపజేస్తుంది. సహ్రావత్, ముఖర్జీ అనే శాస్త్రవేత్తలు 1977లోనే దీన్ని ప్రచురించారు. ఆ సహ్రావత్ తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో చాలా ఏళ్ళు పనిచేశారు. అంటే ఈ విద్య మన గడప దాకా వచ్చింది. ఇలాంటి గుణమే ఉన్న వేపకు గౌరవం దక్కింది: 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి. కానుగ మాత్రం డీజిల్ పద్దులోనే ఉండిపోయింది.

ఇది వడ్డాది, చోడవరం రైతుకు దూరపు ముచ్చట కాదు. మనది చెరకు నేల. యూరియా మితిమీరితే, అదీ ఆలస్యంగా వేస్తే, రసం చెడి బెల్లం సరిగా గట్టిపడదని అచ్చులు పోసే ప్రతి మనిషికీ తెలుసు. నత్రజనిని అదుపుగా అందించే చెక్కకు ఇంతకన్నా తగిన పైరు ఏముంటుంది? ఊడ్పులకు ముందు కానుగ మండలు నరికి దమ్ములో తొక్కించిన పెద్దలు ఆకు విలువ తెలిసినవాళ్ళు. వాళ్ళ చేతి పనికి శాస్త్రం తోడు వచ్చాక మనం చెట్టును వదిలేశాం.

కాయ ఏరి, కొట్టి, గింజ తీయడానికి కూలి గిట్టదన్నది గట్టి అభ్యంతరం. తోటలుగా పెంచి కూలివాళ్ళతో ఏరిస్తే నిజంగానే గిట్టకపోవచ్చు. అయితే అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ చూడండి. అక్కడి గిరిజన మహిళా సంఘాలు ఇక్రిశాట్, గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)ల తోడుతో కానుగ నాటుకుని, ఊళ్ళోనే నూనె మిల్లు నడిపాయి. ఆ నూనె వాడకంతో తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారాలకు 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నాయి. సొమ్ము చిన్నది. చెట్టు, గింజ, మిల్లు, చెక్క అన్నీ ఊరి చేతిలో ఉండటం పెద్ద సంగతి. మన పథకాలు గింజను ఊరు దాటించి ఫ్యాక్టరీకి పంపాలనుకున్నాయి, రైతుకు ఎరువు కావలసిన చెక్కను కూడా దానితోపాటే పంపేశాయి.

అనకాపల్లి పరిశోధన కేంద్రం 1913 నుంచి చెరకు మీద పనిచేస్తోంది. అక్కడి శాస్త్రవేత్తలకు నా విన్నపం ఒకటే: పెద్దేరు పరీవాహకంలో బాగా కాసే కానుగలను గుర్తించి అంట్లు కట్టండి, వాటి చెక్కను చెరకు మళ్ళలో యూరియాతో కలిపి కొన్ని పంటకాలాలు వేసి, దిగుబడినీ బెల్లం రంగునూ కొలిచి చెప్పండి. రైతులకూ ఒక మాట. మీ గట్టు మీది కానుగను కొట్టే ముందు, ఈ వేసవికి రాలిన కాయలన్నీ ఏరి, గింజ తీసి, తూచి, ఆ బరువు చెట్టువారీగా రాసి పెట్టండి.