పాతిక లక్షలు సరే, మొదటి పాతిక వేలు ఎవరివి?

ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారికి, రాష్ట్ర వైద్య ఆరోగ్యశాఖ మంత్రి సత్యకుమార్ యాదవ్ గారికి, జీఎస్టీ మండలికి అధ్యక్షత వహించే కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారాలు.

విజయవాడ వన్‌టౌన్‌లో కొట్లకు, ఆటోనగర్‌లో షెడ్లకు లెక్కలు రాసిపెట్టి, జీఎస్టీ రిటర్నులు వేసి బతికేవాణ్ని. ఏ పార్టీ మనిషినీ కాను. 2025 సెప్టెంబరు మొదటి వారంలో మీరు తీసుకున్న రెండు నిర్ణయాల గురించి ఈ ఉత్తరం.

సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఉన్న 18 శాతం పన్నును ఎత్తేసింది. ఆ మర్నాడే రాష్ట్ర మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం చెప్పింది. 1.63 కోట్ల కుటుంబాలకు, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అన్న తేడా లేకుండా, రూ.2.5 లక్షల దాకా బీమా కంపెనీ కడుతుందన్నారు. పేద కుటుంబాలకు ఆపైన రూ.25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు చూసుకుంటుందన్నారు. 3,257 చికిత్సలు జాబితాలో ఉన్నాయి. తెల్లకార్డుకు అందనంత పైన, ప్రైవేటు పాలసీ కొనలేనంత కింద ఉన్న చిన్న వ్యాపారిని లెక్కలోకి తీసుకున్నందుకు సంతోషం. మెచ్చుకోవలసిన దాన్ని మెచ్చుకోవడానికి నాకు మొహమాటం లేదు.

అయితే మీ దస్త్రాల్లో కనిపించనిది మా చిట్టా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఏ చిన్న షెడ్డు పుస్తకం తెరిచినా ‘అడ్వాన్సులు’ అని ఒక పేజీ ఉంటుంది. పండగలు, పెళ్ళిళ్ళు, స్కూలు ఫీజులు అందులోనే రాస్తాం. వాటన్నిటికంటే పెద్ద అంకె పక్కన ‘ఆసుపత్రి’ అని ఉంటుంది. నేను లెక్కలు చూసే ఒక లేత్ షెడ్డులో ఒక టర్నరుకు గుండెనొప్పి వచ్చింది. వైద్యసేవ కార్డు ఉంది, చికిత్స జాబితాలోనూ ఉంది. నగరంలోని ఒక నెట్‌వర్క్ ఆసుపత్రిలో ‘అప్రూవల్ రావాలి, ఈలోపు కొంత కట్టండి’ అన్నారు. యజమాని ఆ రోజు పది వేలు కట్టాడు, రెండు రోజుల తర్వాత పరీక్షలకూ మందులకూ మరో పదిహేను వేలు. అనుమతి తర్వాత వచ్చింది, స్టెంటూ పడింది. కట్టిన పాతిక వేలు మాత్రం తిరిగి రాలేదు. ‘అవి ప్యాకేజీలోకి రావు’ అన్నారు.

ఇప్పుడు ఆ బాకీ వారం వారం బట్వాడాలో వెయ్యి చొప్పున విరుగుతోంది. అది తీరేదాకా టర్నరు ఇంకో షెడ్డులో ఎక్కువ జీతం ఇస్తామన్నా కదలలేడు. యజమాని పరిస్థితీ అంతే. ఇనుప కొట్టుకు ఇవ్వవలసిన డబ్బు ఆసుపత్రికి పోయింది గనక, సరుకు అప్పు మీద తెచ్చుకున్నాడు. ఈ ఊళ్ళో మొదటి బీమా కంపెనీ చిన్న యజమానే. ప్రీమియం తీసుకోడు, క్లెయిము మాత్రం కడతాడు.

యజమాని అంటూ లేనివాళ్ళ సంగతి ఇంకా కష్టం. చిలకలపూడిలో ఇంటి దగ్గరే రోల్డ్‌గోల్డ్ పని చేసుకునేవాళ్ళకు, పెడనలో కలంకారీ అద్దేవాళ్ళకు, కైకలూరు చెరువుల మీద రోజుకూలికి దిగేవాళ్ళకు ఆ పాతిక వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకో, మెడలో గొలుసు తాకట్టుకో వస్తాయి.

కార్డు ఉన్నా ఆసుపత్రి ముందు డబ్బెందుకు అడుగుతుంది? దురాశ ఒక్కటే కారణమంటే సగం నిజమే. తమ డబ్బు ఎప్పుడొస్తుందో ఆసుపత్రికి తెలియదు. 2025 అక్టోబరులో స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం సుమారు రూ.2,700 కోట్ల బకాయిలు ఉన్నాయంటూ వైద్యసేవ కింద చికిత్సలు ఆపేసింది. అంతకుముందు 2024 మే నెలలో, వేరే ప్రభుత్వం ఉండగా, ఇదే కారణంతో ఇలాగే ఆగాయి. పథకం పేరు ఆరోగ్యశ్రీ నుంచి వైద్యసేవగా మారింది, ప్రభుత్వం మారింది, బకాయి మాత్రం మారలేదు. ప్రభుత్వం ఆసుపత్రికి బాకీ పడితే ఆసుపత్రి రోగి దగ్గర వసూలు చేసుకుంటుంది, రోగి యజమాని దగ్గర చెయ్యి చాస్తాడు. కింద ఉన్న ఆఖరి మనిషి దగ్గరకు వచ్చేసరికి అది ‘అడ్వాన్సు’ అవుతుంది.

ఇప్పుడు మధ్యలోకి బీమా కంపెనీ వస్తోంది. మనకిది కొత్త కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది బీమా కంపెనీతోనే, తర్వాతే ట్రస్టు చేతికి వచ్చింది. పక్కనున్న తమిళనాడు ఇప్పటికీ బీమా పద్ధతిలోనే నడుపుతోంది. కాబట్టి పద్ధతిని తప్పు పట్టను. కాకపోతే ట్రస్టు ఆలస్యం చేస్తే దానికి మిగిలేది ఏమీ లేదు, కంపెనీకి మాత్రం తిరస్కరించిన ప్రతి క్లెయిమూ మిగులే. ఆ తేడా ఒప్పందంలో కనిపించాలి.

మీరు ఆరు గంటల్లో అనుమతి, పదిహేను రోజుల్లో ఆసుపత్రికి చెల్లింపు అన్నారు. మంచిదే. మరి ఏడో గంట కొడితే ఏమవుతుంది? ప్రైవేటు పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన ఉత్తర్వులో నగదు రహిత చికిత్సకు గంటలో జవాబు చెప్పాలంది. డిశ్చార్జికి మూడు గంటలు దాటితే, ఆ ఆలస్యం వల్ల పడే అదనపు ఖర్చు కంపెనీదే అంది. ప్రీమియం కట్టినవాడి గడియారం ఒకటి, ప్రభుత్వమే ప్రీమియం కట్టే రోగి గడియారం ఇంకొకటి ఎందుకు ఉండాలి? పైగా గడువు దాటితే జరిమానా అని రాయని గడువు కోరికే తప్ప నిబంధన కాదు.

ఇక చిన్న వ్యాపారి సొంత బాధ్యత సంగతి. ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) కంటే చవకైన రక్షణ ఇంకోటి లేదు. రూ.15,000 జీతానికి యజమాని వాటా రూ.487.50, పనివాడి వాటా రూ.112.50. ఈ ఆరు వందలకు ఇంటిల్లిపాదికీ వైద్యం, జబ్బుపడి ఇంట్లో ఉంటే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం. గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రీ ఉంది. కానీ పదిమంది ఉంటేనే ఇది తప్పనిసరి. అందుకే చాలా షెడ్ల మస్టర్లు తొమ్మిది పేర్ల దగ్గర ఆగిపోతాయి. పదోవాడు పనిలో ఉంటాడు, పుస్తకంలో ఉండడు. జీతం పరిమితి చూస్తే 2017 జనవరి నుంచి రూ.21,000 దగ్గరే ఉంది. నేర్పున్న వెల్డరుకు వెయ్యి పెంచితే ఆ గీత దాటుతాడు, ఇంటిల్లిపాది వైద్యం పోతుంది. ‘పెంచొద్దు బాబాయ్’ అని యజమానిని బతిమాలిన పనివాళ్ళను చూశాను.

ఈఎస్ఐ లేదు గనక గ్రూపు పాలసీ తీసుకుందామంటే, మీరు ఎత్తేసిన పన్ను వ్యక్తిగత పాలసీలకే. గ్రూపు పాలసీ మీద 18 శాతం అలాగే ఉంది. ఎనిమిదిమంది పనివాళ్ళకు ప్రీమియం రూ.40,000 అనుకుంటే పన్ను రూ.7,200. చట్టం తప్పనిసరి చేయని ఆరోగ్య బీమాకు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి జీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ ఒప్పుకోదు. ఎవరి బలవంతమూ లేకుండా పనివాళ్ళ మంచి చూసిన యజమాని ఆ పన్నును తన చేతి నుంచే భరించాలి. ‘విడివిడిగా తీసుకోమనొచ్చు కదా’ అంటారేమో. యాభై ఏళ్ళవాడికి షుగరుంటే వ్యక్తిగత పాలసీలో ఆ జబ్బుకు మూడేళ్ళ దాకా ఎదురుచూపు ఉండొచ్చు. గ్రూపు పాలసీ అయితే చాలావరకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ పాలసీ మీదే పన్ను మిగిలింది.

బీమా లేని లారీ ఆటోనగర్ దాటి రోడ్డెక్కడానికి చట్టం ఒప్పుకోదు. దాని కమాన్ కట్టలు విప్పి బిగించేవాడికి బీమా ఉందో లేదో అడిగే చట్టం మాత్రం తొమ్మిదిమంది దగ్గర ఆగిపోతుంది. ప్రభుత్వం చెబితే బీమా కంపెనీలు మాట వినవని ఎవరైనా అంటే నమ్మను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా ఊరిని ముంచినప్పుడు, నీళ్ళలో నానిన బండ్ల క్లెయిముల కోసం ప్రభుత్వమే బీమా కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడింది. బండ్ల కోసం చేసిన పని మనుషుల కోసం చేయడానికి అడ్డేమిటి?

మేం కోరేవి నాలుగే.

ఒకటి: అనుమతి గడువు, చెల్లింపు గడువు దాటితే రోజువారీ వడ్డీ పడేలా ఒప్పందంలో రాయండి. కంపెనీకీ ట్రస్టుకీ ఒకే నియమం. అనుమతి వచ్చేలోపు రోగి కట్టిన ప్రతి రూపాయీ డిశ్చార్జి రోజే తిరిగి ఇప్పించండి.

రెండు: ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణంతో అన్నది జిల్లాల వారీగా నెలనెలా ప్రకటించండి. తిరస్కరించిన కాగితం రోగి చేతికి తెలుగులో ఇవ్వండి. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్ర నోటిమాట సాక్ష్యానికి పనికిరాదు.

మూడు: ఈఎస్ఐ జీతం పరిమితి పెంచండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం పదిమంది లేని చోటా యజమాని, పనివాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరవచ్చు. ఈ సంగతి మా దగ్గర నూటికి ఒక్కరికి తెలిస్తే ఎక్కువ. ఆటోనగర్‌లో, వన్‌టౌన్‌లో, మచిలీపట్నంలో శిబిరాలు పెట్టి చేర్చుకోండి.

నాలుగు: ఇరవై మందిలోపు పనివాళ్ళున్న చోట గ్రూపు ఆరోగ్య బీమాకు కూడా పన్ను తీసేయండి. అది కుదరకపోతే కనీసం ఇన్‌పుట్ క్రెడిట్ ఇవ్వండి.

వీటిలో మొదటి రెండింటికి కొత్తగా ఖర్చు లేదు, ఒప్పందంలో నాలుగు వాక్యాలు చాలు. మూడోదానికి కేంద్ర కార్మికశాఖతో, నాలుగోదానికి మండలిలో తోటి రాష్ట్రాలతో మాట్లాడాలి. రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ఒకే కూటమి ఉంది గనక, ‘మా చేతుల్లో లేదు’ అన్న జవాబు మాకు వద్దు. తేదీ చెప్పండి.

ఇట్లు,
చిన్న కొట్ల లెక్కలు రాసే ఒక గుమాస్తా,
విజయవాడ.