పదమూడు పాయింట్ల లెక్క మన బీఏ సిలబస్‌లో ఎందుకు లేదు?

2018 మార్చి 5న యూజీసీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అధ్యాపక నియామకాల్లో యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని రిజర్వేషన్ లెక్కగట్టే పద్ధతి ఆపేసి, ఇకమీదట ఏ డిపార్ట్‌మెంట్‌కు ఆ డిపార్ట్‌మెంట్‌నే యూనిట్‌గా తీసుకోవాలంది. అంతకు ముందు ఏడాది అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పు దానికి ఆధారం. శాతాలు మారలేదు. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 అలాగే ఉన్నాయి. రాజ్యాంగంలో ఒక్క అక్షరం తీసేయలేదు. అయినా పోస్టులు ఆవిరైపోయాయి. ఎలా ఆవిరయ్యాయని అడిగితే మనవాళ్లలో ఎక్కువమంది చెప్పిన సమాధానం 'కుట్ర'. సరే, కుట్రే. కానీ ఆ కుట్ర నడిచింది భాగహారం మీద. ఆ భాగహారాన్ని విప్పి చూపించగలిగిన వాళ్లు మన సభల్లో ఎంతమంది ఉన్నారు?

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. నా క్లాసులో కూర్చునే పిల్లల్లో ఎక్కువమంది మన వాడల నుంచి వచ్చినవాళ్లే. ఆ లెక్క ఇక్కడే చేసి చూపిస్తాను, కాగితం పెన్ను తీసుకోండి.

100ని 27తో భాగిస్తే 3.7. అంటే ఓబీసీ అభ్యర్థికి నాలుగో పోస్టు. 100ని 15తో భాగిస్తే 6.66. ఎస్సీకి ఏడో పోస్టు. 100ని 7.5తో భాగిస్తే 13.33. ఎస్టీకి పద్నాలుగో పోస్టు. భిన్నం వస్తే పై అంకెకు జరపాలన్నది నియమం. అదే రోస్టర్. 200 పాయింట్ల రోస్టర్ ఎందుకు పెట్టారో కూడా ఇందులోనే తెలుస్తుంది: 7.5 శాతం వంద పోస్టుల్లో ఏడున్నర, మనిషిని సగానికి కోయలేం కదా. రెండు వందల్లో అయితే నిండుగా 15. ఎస్సీలకు 30, ఓబీసీలకు 54. మొత్తం 99. మిగిలిన 101 జనరల్. (ఈ లెక్కలన్నీ ఆనాటివి. పది శాతం ఈడబ్ల్యూఎస్ తర్వాత వచ్చి చేరింది.)

ఇప్పుడు ఒక యూనివర్సిటీలో 20 డిపార్ట్‌మెంట్లు, ఒక్కోదానిలో 3 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు అనుకుందాం. మొత్తం 60. యూనివర్సిటీ యూనిట్ అయితే శాతాల ప్రకారం 9 ఎస్సీ, 4 ఎస్టీ, 16 ఓబీసీ. డిపార్ట్‌మెంట్ యూనిట్ అయితే? ఏ డిపార్ట్‌మెంట్‌లోనూ నాలుగో పోస్టు లేదు. ఇరవై సున్నాలు కలిపితే సున్నా. 29 పోస్టులు గాలికి పోయాయి. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఏ చట్టమూ రద్దు కాలేదు.

దీన్ని సమర్థించిన పెద్దమనుషులు ఒక మాట అన్నారు: 'రొటేషన్ ఉంది కదా, రిటైరైన చోటల్లా పాయింట్ ముందుకు జరుగుతుంది, మీ వంతు వస్తుంది.' వినడానికి న్యాయంగానే ఉంది. లెక్క కడదాం. రెండు పోస్టుల డిపార్ట్‌మెంట్ తీసుకోండి. చేరినవాళ్లు 30 ఏళ్లు పనిచేసి రిటైరవుతారనుకోండి. మొదటి ఏడాది ఒకటో పాయింట్, రెండో పాయింట్ నిండుతాయి. 30 ఏళ్ల తర్వాత మూడు, నాలుగు. ఓబీసీ అప్పుడు అడుగు పెడతాడు. 60 ఏళ్లకు ఐదు, ఆరు. 90 ఏళ్లకు ఏడు, అంటే మన వంతు. ఆదివాసీ వంతు 180 ఏళ్లకు. ముత్తాత దరఖాస్తు పెడితే మునిమనవడి మనవడికి ఇంటర్వ్యూ లెటర్ వస్తుందన్నమాట! ఈ ఒక్క లెక్కను బ్యానర్ మీద రాసి ఉంటే వంద నినాదాల పని చేసేది.

2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. మార్చి 5న భారత్ బంద్ జరిగింది. రెండు రోజుల్లో ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది చట్టమైంది, యూనివర్సిటీ మళ్లీ ఒకే యూనిట్ అయింది. వీధిలో గెలిచాం. ఆ గెలుపు చిన్నదేమీ కాదు. కానీ చట్టం మినహాయించిన సంస్థలు ఉన్నాయి, 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని పోస్టు ఖాళీగా వదిలేసే అలవాటు ఉంది, అంకెలతో ఆడుకునే చేతులు అవే ఉన్నాయి. కాబట్టి నా వాదన సూటిగా చెబుతాను: బీఏ, బీకాం చదివే ప్రతి విద్యార్థికి ఈ రకం గణితం నేర్పాలి. దాన్ని డిమాండ్ చేయాల్సింది అందరికంటే ముందు మనం.

ఈ రకం గణితానికి పేరుంది, ఫైనైట్ మ్యాథమెటిక్స్. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ అధ్యాపకులు కెమెనీ, స్నెల్, థాంప్సన్ 1957లో దీని మీద పుస్తకం తెచ్చారు. కలనం జోలికి పోకుండా తర్కం, సమితులు, సంభావ్యత, మాత్రికలు, లీనియర్ ప్రోగ్రామింగ్, ఆటల సిద్ధాంతం లాంటివి సామాజిక శాస్త్రాల ఉదాహరణలతో చెప్పారు. అక్కడి కాలేజీల్లో బిజినెస్, సోషల్ సైన్స్ విద్యార్థులకు ఇది మామూలు కోర్సు. మన దగ్గర? పదో తరగతి అయిన రోజునే గీత గీస్తారు. ఎంపీసీ, ఎంఈసీలో లెక్కలు. సీఈసీ, హెచ్ఈసీలో లేవు. ఎవరిని ఏ గ్రూపుకు పంపుతారో ఊళ్లలో అందరికీ తెలుసు. 'నీకు లెక్కలెందుకురా, హెచ్ఈసీ తీసుకో, పాసైపోతావు' అనే మాటలో ప్రేమ ఉండొచ్చు, కులం మాత్రం తప్పకుండా ఉంది. ఆ పిల్లవాడు రేపు ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలనుకుంటే, పన్నెండులో మ్యాథ్స్ లేదు కాబట్టి తలుపు మూసే ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో తీసుకున్న సలహా అది.

లెక్కలు మన రక్తంలో లేవనే వాళ్లకు జవాబు చెప్పడం కూడా దండగే. తోలు పరిచి, కత్తి పెట్టకముందే ఎన్ని జతలు తెగుతాయో, ఎంత ముక్క వృథా పోతుందో చూపుతో తేల్చిన చేతులు మనవి. కాగితపు చుట్టలు, ఇనుప రేకులు వృథా కాకుండా కోయడం ఎలా అన్నది లీనియర్ ప్రోగ్రామింగ్ పుస్తకాల్లో పేరున్న సమస్య.

బాబాసాహెబ్ సంగతి చూద్దాం. జయంతికి ఆయన డిగ్రీల జాబితా చదువుతాం, ఆయన వేసిన పట్టికలు మాత్రం తిప్పి చూడం. 1918లో ఆయన చిన్న కమతాల మీద రాసిన వ్యాసం వాదన ఏమిటి? కమతం లాభసాటి అవునా కాదా అన్నది ఎకరాలు ఒక్కటే తేల్చవు, ఆ భూమికి తగ్గ పశువులు, పెట్టుబడి, శ్రమ ఏ పాళ్లలో ఉన్నాయో చూడాలి అని. మాత్రికలూ పరిమితులూ నేర్చుకున్న విద్యార్థికి అది వెంటనే ఎక్కుతుంది. పూనా ఒడంబడిక కూడా అంతే. సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి కదా, నష్టమేమిటని ఇప్పటికీ అడిగేవాళ్లున్నారు. వందమంది ఓటర్లున్న చోట 20 మంది దళితులు అనుకోండి. తొలి విడతలో దళితులు నలుగురిని ఎన్నుకుంటారు. మొదటివాడికి 14 ఓట్లు, నాలుగోవాడికి 1. మలి విడతలో అందరూ ఓటేస్తారు. 20 మందీ మొదటివాడికే వేసినా, మిగతా 80 మంది ఆ నాలుగోవాడికి వేస్తే అతనే మన ప్రతినిధి. ఇది బాధ కాదు, కూడిక. బాబాసాహెబ్ ఎందుకు అంత పట్టుబట్టాడో ఈ కూడిక చెప్పినంత బాగా ఏ ఉపన్యాసమూ చెప్పదు.

వడ్డీ మాట ఒక్కటే చెప్పి వదిలేస్తాను. 12,000 అప్పు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ, నెలకు 1,120 చొప్పున 12 వాయిదాలు. అసలు నెలనెలా తీరిపోతున్నా వడ్డీ మాత్రం మొత్తం 12,000 మీదే కట్టించుకుంటున్నారు. నిజానికి పడుతున్న రేటు 21 శాతం దాటుతుంది. 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చేదాకా పోయిన పరిస్థితికి ఇలాంటి అప్పులే మూలం. ఆ ఇళ్లలోంచి వచ్చిన పిల్లకు బీకాంలో ఈ లెక్క రాకపోతే ఆ బీకాం ఎవరికోసం?

మనలోనే ఒక అభ్యంతరం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. లెక్కలు తప్పనిసరి చేస్తే మన పిల్లలే ఫెయిలవుతారు, చదువు మానేస్తారు, ఇంకో వడపోత యంత్రం తెచ్చిపెట్టినట్టవుతుంది అంటారు. మ్యాథ్స్‌ను వడపోతకు వాడిన చరిత్ర ఉంది కాబట్టే ఈ భయం. అందుకే ప్రవేశానికి షరతుగా వద్దు అంటున్నాను. చేరాక, సున్నా నుంచి, తెలుగులో, రోస్టర్‌తో, వడ్డీతో, ఓట్ల లెక్కతో మొదలుపెట్టి నేర్పమంటున్నాను. భాగహారం వచ్చినవాడు రోస్టర్ నేర్చుకోగలడు. పంతులు చెప్పగలడా అన్నదే అసలు ప్రశ్న, ఆ పంతుళ్ల పోస్టులు ఖాళీగా ఎందుకున్నాయన్నది మళ్లీ రోస్టర్ దగ్గరికే వస్తుంది.

విద్యార్థి సంఘాలకు ఒక పని చెబుతాను. మీ యూనివర్సిటీ రోస్టర్ రిజిస్టర్ కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. నలుగురు కూర్చుని పాయింట్ వెంట పాయింట్ సరిచూడండి. ఇప్పుడు ఈ పని ఇంకా అవసరం. ఎస్సీ వర్గీకరణ తర్వాత తెలంగాణలో మూడు గ్రూపులకు 1, 9, 5 శాతం, ఆంధ్రలో 1, 6.5, 7.5 శాతం. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, 1 శాతం వాటా అంటే 200 పాయింట్లలో రెండే. నోటిఫికేషన్ 20 పోస్టులదైతే ఆ రెండు పాయింట్లు వరుసలో ముందున్నాయా, వెనకున్నాయా? మనలోకెల్లా వెనకబడిన ఆ కులాల పిల్లలు ఆ జీవో తెరిచి తమ పాయింట్ ఎక్కడుందో తామే వెతుక్కోగలగాలి, ఈ సెమిస్టర్‌లోనే.