ముసుగు ఎవరి హక్కు? పేరు ఎవరి బాధ్యత?

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపికతో చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగం చదివి మాత్రం తిట్టకండి.

'రేడియో ఫ్రీ రాస్కో' అని ఒక కెనడా సీరియల్ ఉంది. 2003 నుంచి 2005 దాకా వచ్చింది, మొత్తం 52 ఎపిసోడ్లు. హైస్కూల్ పిల్లలు నలుగురు ఎవరికీ తెలియకుండా ఒక రేడియో స్టేషన్ నడుపుతరు. స్కూలుకు సొంత రేడియో ఒకటి ఉంది, పేరు కూగర్ రేడియో. కానీ అందులో ప్రిన్సిపాల్ వాలర్‌కు ఇబ్బంది కలిగే మాట రాదు. అందుకే ఈ నలుగురు మారుపేర్లతో మైకు ముందు కూర్చుంటరు. రాబీ 'క్వశ్చన్ మార్క్' అయితడు, రే 'ప్రాంటో', ట్రావిస్ 'స్మాగ్', లిల్లీ 'షేడీ లేన్'.

ఈ సీరియల్ చూసినవాళ్ల అభిప్రాయాలు గమనిస్తే ఎక్కువ గొడవ ఒక్కదాని మీదనే: లిల్లీ రేతో ఉండాలా, ట్రావిస్‌తో ఉండాలా? సరే, టీనేజ్ కథ కదా, ఆ ముచ్చట ఉంటది. దాని మీద నాకు కోపం లేదు. నా కొట్లాట ఇంకో రెండు మాటల మీద.

మొదటి మాట: "అంత ధైర్యం ఉంటే పేరు చెప్పి మాట్లాడొచ్చు కదా, దాక్కోవడం ఎందుకు?" ఇది చాలా తేలికగా అనే మాట. ఆ పిల్లలు దాక్కున్నది పిరికితనంతో కాదు. వాళ్ల మార్కులు, హాజరు, స్కూల్లో ఉంచడమా పంపించడమా అనేది అవతలి మనిషి చేతిలో ఉంది కాబట్టి దాక్కున్నరు. మాట్లాడేవాడు ఎందుకు దాక్కుంటున్నడు అని అడిగే ముందు, వినేవాడు ఎట్లాంటోడు అని అడగాలె. పేరు చెప్పిన పిల్లగాడికి శిక్ష పడే చోట పేరు అడగడం అంటే నోరు మూసుకోమని చెప్పడమే.

రెండో మాట: "పక్క బెంచీలో కూర్చునేవాళ్లు గొంతు గుర్తుపట్టరా? ఇది నమ్మేటట్టు ఉందా?" ఈ మాట మాత్రం మనకు బాగా తెలుసు. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చదివినవాళ్లను అడగండి. కోయ పిల్ల తెలుగు మాట్లాడితే ఒక్క వాక్యంలో ఏ ఊరి పిల్లో చెప్పేస్తరు. గోండు పిల్లగాడి యాస, లంబాడీ తండా యాస, అన్నీ దొరికిపోతయి. ఫిర్యాదు పెట్టెలో చీటీ వేస్తే చేతిరాత దొరుకుతది. రాస్కో పిల్లలకు దొరికిన ముసుగు మన హాస్టల్ పిల్లలకు దొరకదు. ఆ సీరియల్‌లోలాగా లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్ పెడితే ఇక్కడ అది నేరం కూడా.

మరి మన పిల్లలు ఏం చెయ్యాలె? పురుగుల అన్నం తిని ఊరుకోవాలా? జ్వరం వచ్చిన పిల్లను దవాఖానకు తీసుకుపోకపోతే చూస్తూ ఉండాలా?

ఇక్కడే నా అసలు మాట. ముసుగు చిన్నోళ్ల హక్కు. పేరు పెద్దోళ్ల బాధ్యత. మనం ఇది తలకిందులు చేసినం.

చూడండి, ఏం జరుగుతుందో. తొమ్మిదో తరగతి పిల్లను "నువ్వు ధైర్యంగా వీడియోలో చెప్పు చెల్లీ" అంటున్నం. మొహం కనిపించేటట్టు తీసి అన్ని గ్రూపుల్లో తిప్పుతున్నం. ఆ పిల్ల మళ్లీ అదే హాస్టల్‌కు పోవాలె, అదే వార్డెన్ ముందు ప్లేటు పట్టుకోవాలె. డిగ్రీ అయిపోయిన మనం, యూనివర్సిటీలో ఉన్న మనం, ఉద్యోగాలు వచ్చిన మనం మాత్రం ఫేక్ ఐడీల వెనకాల కూర్చుని షేర్ కొడుతున్నం. ఎవరికి రక్షణ కావాలె, ఎవరు తీసుకుంటున్నరు?

ఇంకో సిగ్గుమాలిన పని కూడా ఉంది. కాలేజీల పేరు మీద నడిచే 'కన్ఫెషన్' పేజీలు. అక్కడ ముసుగు వేసుకుని మాట్లాడేది అధికారుల మీద కాదు, మన ఆడపిల్లల మీద. ఎవరు ఎవరితో తిరిగింది, ఎవరి బట్టలు ఎట్లున్నయి. పైనున్నోడిని ప్రశ్నించేటప్పుడు ముసుగు కవచం. పక్కనున్న చెల్లెను బద్నాం చేసేటప్పుడు అదే ముసుగు దొంగతనం. ఈ రెండూ ఒకటే "ఫ్రీ స్పీచ్" అనేవాళ్లతో నాకు రాజీ లేదు.

పేరు పెట్టి మాట్లాడిన మనుషులు మనకు దూరంలో లేరు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. లైసెన్స్ తీసుకుని, పల్లె దళిత మహిళలు తమ యాసలో తమ పంటల గురించి తామే మాట్లాడిన్రు. ఛత్తీస్‌గఢ్ వైపు 2010లో సీజీనెట్ స్వర మొదలైంది. మామూలు ఫోన్ నుంచి కాల్ చేసి సమస్య రికార్డు చేస్తరు, గోండీలో కూడా. చాలామంది తమ పేరు, ఊరు చెప్పి, సంబంధిత అధికారి నంబరు కూడా చెప్పి, విన్నవాళ్లను ఫోన్ చెయ్యమంటరు. అక్కడ ఒక్కరి గొంతు వెనకాల వందల గొంతులు నిలబడతయి. ఒంటరిగా ఉన్నోడికే ముసుగు అవసరం ఎక్కువ.

చట్టం కూడా ఇదే తేడా చూపిస్తది. 2012 పోక్సో చట్టం కింద బాధిత పిల్లల పేరు, ఫొటో, బడి, ఇల్లు మీడియాలో బయటపెట్టకూడదు. మరోపక్క 2005 సమాచార హక్కు చట్టం కింద పేరు, చిరునామా రాసి ఎవరైనా అడగొచ్చు, ఎందుకు అడుగుతున్నవో కారణం చెప్పక్కర్లేదు. ఆ పేరు హాస్టల్ పిల్లది ఎందుకు కావాలె? నాది కావొచ్చు. మీది కావొచ్చు. మెనూ, సరుకుల బిల్లులు, ఆరోగ్య తనిఖీల రిజిస్టరు, ఇవన్నీ అడిగే దరఖాస్తు మీద మన సంతకం ఉండాలె.

అందుకే ఈ గ్రూపు ముందు మూడు మాటలు పెడుతున్న. ఒకటి, పిల్లల మొహం కనిపించే, పేరు వినిపించే ఫిర్యాదు వీడియో ఏదీ ఇక్కడ పెట్టొద్దు. రెండు, హాస్టల్ నుంచి విషయం వస్తే, బయటికి వచ్చిన సీనియర్లు కనీసం ఐదుగురు తమ పేర్లతో అధికారికి రాయాలె. ఐదు పేర్లుంటే ఒక్కరిని పట్టుకుని బెదిరించడం కష్టం. మూడు, ఆడపిల్లల మీద చెత్త రాసే పేజీలను ఫాలో అవుతున్నవాళ్లు ఈ రోజే బయటికి రావాలె.

"ఉద్యోగం పోతది అన్నా" అనేవాళ్లుంటరు. సర్కారు కొలువులో ఉన్నవాళ్ల ఇబ్బంది నిజమే, వాళ్లు ఖర్చులకు సాయం చెయ్యండి, దరఖాస్తు రాసిపెట్టండి. మిగతావాళ్లకు సాకు లేదు. పద్నాలుగేళ్ల పిల్ల నుంచి అడుగుతున్న ధైర్యంలో సగమన్నా మనం చూపించకపోతే, మన పేర్ల ముందు 'ఆదివాసీ బిడ్డ' అని రాసుకునుడు దేనికి?

లిల్లీ ఎవరితో ఉండాలో తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు కింద కామెంట్లలో మీ అసలు పేరు, మీ మండలం రాయండి. ఐదుగురి లెక్కలో మొదటి పేరు నాది.

జై ఆదివాసీ!