సొంత బావి నీటికి పూచీ ఎవరిది?

గ్రామీణ తాగునీటి సమస్య అనగానే మనం ఫ్లోరైడ్, ఆర్సెనిక్‌ గురించి రాసి ఆపేస్తాం. వైరస్‌ల ఊసే ఎత్తం.

కేరళనే చూడండి. ఎన్నో ఇళ్లకు పెరటి బావే ఆధారం. మరుగుదొడ్డి గుంతకు, బావికి మధ్య 7.5 మీటర్ల దూరం ఉండాలన్నది నిబంధన. ఇరుకు స్థలాల్లో సొంత గుంతను దూరంగా తవ్వినా, పక్కింటి గుంత దగ్గరే ఉండవచ్చు.

హెపటైటిస్-ఎ వైరస్ పరిమాణం సుమారు 27-30 నానోమీటర్లు. బ్యాక్టీరియాను ఆపే మట్టి పొరలను కూడా ఇది దాటగలదు. అందుకే పరీక్షలో ఈ-కోలి కనిపించనంత మాత్రాన ఆ నీటిలో వైరస్ లేదని చెప్పలేం.

1882 ఈజ్‌మెంట్స్ చట్టం బావి నీటిపై హక్కును భూయజమానికి ఇచ్చింది. అంతమాత్రాన పూచీ కూడా అతనొక్కడిదే అనడం సరికాదు. కాలుష్యం గట్టు దాటి వస్తుంది. సుభాష్ కుమార్ కేసులో (1991) సుప్రీంకోర్టు కాలుష్యరహిత నీటిని ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది.

ప్రతి బావికీ వైరస్ పరీక్ష ఖర్చుతో కూడిన పని, నిజమే. బావులు, గుంతల మధ్య దూరాన్ని పంచాయతీ నమోదు చేయడానికి, వానాకాలంలో క్లోరినేషన్ చేయించడానికి, నీటిని మరిగించి తాగమని చెప్పడానికి పెద్ద ఖర్చు కాదు. కుళాయిలు లెక్కపెట్టే ప్రభుత్వం బావులనూ లెక్కలోకి తీసుకోవాలి.