కోచింగ్ వేరు, చదువు వేరు

"బ్యాంకు ఉద్యోగానికి ఏ డిగ్రీ అయినా చాలు. బ్యాంకింగ్, ఫైనాన్స్ అంటూ పీజీకి మళ్లీ రెండేళ్లు దండగ. హైదరాబాద్‌లో రూమ్ తీసుకొని కోచింగ్‌కు పో."

జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో డిగ్రీ పూర్తయిన పిల్లలకు ఇంటా బయటా చెప్పే మాట ఇదే. మొదటి వాక్యం నిజమే, ఐబీపీఎస్ క్లర్కు, పీవో పరీక్షలకు ఏ డిగ్రీ ఉన్నా కూర్చోవచ్చు. దాన్ని పట్టుకొని పీజీని దండగ అనడం మాత్రం తప్పు. కోచింగ్ పరీక్ష గట్టెక్కిస్తుంది. అప్పు ఎవరికి పుడుతుందో, ఎవరికి పుట్టదో, ఎందుకో చెప్పదు. అది చెప్పాల్సింది పీజీ.

ఈ మూడు జిల్లాల్లో అంతకంటే పెద్ద ప్రశ్న ఉందా? పట్టా ఉన్న రైతుకు 3 లక్షల వరకు పంట రుణం 7 శాతానికి దొరుకుతుంది. గడువులోగా కడితే పడేది 4 శాతమే. పక్క చేనులోనే పత్తి వేసిన కౌలు రైతు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తాడు. అంటే ఏడాదికి 36 శాతం. అదే ఊరు, అదే వాన, తొమ్మిది రెట్ల మిత్తి. కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లోనే ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసింది. అయినా అతను ఇంకా షావుకారి దగ్గరికే పోతున్నాడు. కార్డు ఇస్తే భూమి పోతుందని పట్టాదారుకు భయం. ఒకే భూమి మీద రెండు అప్పులు పుడతాయని బ్యాంకుకు భయం. కొత్తగూడ, గంగారం వైపు పోడు పట్టాలది మరో చిక్కు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన ఆ భూమి వారసులకు దక్కుతుంది గానీ అమ్మడానికి లేదు. అమ్మలేని భూమి మీద అప్పు ఎలా ఇవ్వాలి? భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడికి అప్పు పుట్టడానికి జీతం చీటీ చాలు. ఏ చీటీ లేని కూలీ సంగతేమిటి? వీటికి కోచింగ్ మెటీరియల్‌లో జవాబు వెతకడం వృథా.

"చదివితే హైదరాబాద్‌లోనే చదవాలి" అనే మాట ఇంకా అన్యాయం. చదవాల్సిన పాఠాలు మన ఊళ్లలోనే ఉన్నాయి. ఊళ్లలో మహిళలకు చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010లో షేరు మార్కెట్లోకి వచ్చింది. అదే ఏడాది వారం వారం వసూళ్ల ఒత్తిడికి ఊళ్లలో మహిళలు నలిగిపోతే, ఆ వసూళ్లను కట్టడి చేయడానికి అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. ఆ కిస్తీలు కట్టిన అక్కలు మన ఊళ్లలోనే ఉన్నారు. రైతులకు అప్పిచ్చి, పంట కొని, తన కాళ్ల మీద తాను నిలబడ్డ ముల్కనూరు సహకార సంఘమూ మనకు దగ్గరే. కాశీవిశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన సంఘం అది. చెడిన అప్పూ, నిలిచిన అప్పూ రెండూ ఇంత దగ్గరగా ఉన్నచోట చదవకపోతే ఇంకెక్కడ చదువుతారు?

పీజీ బాగా నడుస్తోందని నేను అనడం లేదు. డెరివేటివ్స్ మీద నోట్సు బట్టీ పట్టించి, డబ్బులిచ్చి రాయించుకున్న ప్రాజెక్టుకు మార్కులు వేసే చోట రెండేళ్లు నిజంగానే దండగ. దాన్ని సరిదిద్దాలి, చదువునే వదిలేయమనడం కాదు. అధ్యాపకులారా, ఈసారి ప్రాజెక్టుకు ఒక్కో విద్యార్థికి ఒక్కో ఊరి అప్పుల లెక్క అప్పగించండి. విద్యార్థులారా, మీ ఊరి సహకార సంఘం పద్దుల నుంచి మొదలుపెట్టండి.