గ్రానైటు గచ్చు

మాది ఖానాపురం హవేలి. ఖమ్మం పట్నం పెరిగి పెరిగి మా గుమ్మంలోకి వచ్చేసింది. ఖమ్మంలో గ్రానైటుకేం కరువు? మా యింటి గచ్చు అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపే మా కొంప ముంచుతోందని మొన్నటిదాకా తెలియలేదు.

సంగతేమిటంటే, మా అమ్మ పాడిన రామదాసు కీర్తనల కాసెట్టు ఒకటి నా దగ్గర వుంది. 1984లో నేనే పట్టాను. నేలకొండపల్లి గోపన్న మా జిల్లావాడేనని అమ్మకు అదో గర్వం. బాలమురళీకృష్ణగారు రేడియోలో పాడగా విని నేర్చుకున్న పాటలవి. ఇప్పుడు అమ్మ లేదు. కాసెట్టును కంప్యూటరులోకి ఎక్కించి వింటే గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. పైగా వెనకాల తుమ్మెద రొద!

లోపం స్పీకర్లదేననుకుని పదివేలు పోసి కొత్తవి కొన్నాను. రొద మరింత స్పష్టంగా వినిపించింది. “డబ్బిచ్చి మోత కొనుక్కొచ్చారు” అంది మా ఆవిడ.

సెలవులకు వచ్చిన మనవరాలు, “తాతయ్యా, ముందు జబ్బేమిటో చూద్దాం, మందు తర్వాత” అంది. పాట ఆపింది. రొద ఆగలేదు. అంటే తప్పు కాసెట్టుది కాదన్నమాట! కంప్యూటరు ఒక గోడ ప్లగ్గులో, స్పీకర్లు మరో గోడ ప్లగ్గులో వున్నాయి. రెండు ఎర్తు దారుల మధ్య తేడా వస్తే, సెకనుకు 50 సార్లు వూగే మన కరెంటు పాట తీగలోకి చొరబడుతుందట. రెండింటినీ ఒకే బోర్డుకు తగిలించగానే రొద మాయం! ఎర్తు పిన్ను విరిచేస్తే పోతుందని ఎవరైనా సలహా యిస్తే మాత్రం వినకండి, ప్రాణాలకే ముప్పు.

మౌసు కదిపితే చిటపట. కంప్యూటరు పొట్టలోని విద్యుత్తు సందడి అది. అంకెలను ధ్వనిగా మార్చే బొటనవేలంత పరికరాన్ని బయట తగిలిస్తే తగ్గింది. కంప్యూటరు తనంతట తాను చేసే “మెరుగుల”న్నీ కట్టేశాం.

ఇక గది. నట్టనడుమ నిలబడి చప్పట్లు కొట్టింది మనవరాలు. గచ్చూ గోడలూ ఖంగుమన్నాయి. పాట మనల్ని నేరుగా చేరిన వెంటనే దాని ప్రతిధ్వనులు వెంటపడి మాటను చెరుపుతున్నాయి. జంపఖానా పరిచాం, కిటికీలకు తెరలు కట్టాం. మూలనున్న స్పీకర్లు బొంగురుపోతాయట. మూరెడు ముందుకు జరిపి, చెవి ఎత్తున పెట్టాం. ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో, మనకూ అంతే దూరం. దీనికి కానీ ఖర్చు కాలేదు.

మిగిలింది టేపు సహజపు బుస. దాన్ని తుడిచే ప్రోగ్రాము కూడా వుంది. తుడిస్తే బుసతోబాటు అమ్మ వూపిరీ, సకారాలూ పోయాయి. వద్దన్నాను. సెకనుకు 44,100 నమూనాల చొప్పున, ఏమీ కుదించకుండా అసలు ప్రతిని అలాగే దాచాం.

ఆ రాత్రి విన్నాం. రెండో చరణానికి ముందు అమ్మ గొంతు తగ్గించి, “ఒరేయ్, పాలు పొంగుతాయేమో చూడరా” అంది. ఇన్నేళ్ళూ ఆ మాట రొదలో మునిగిపోయింది కాబోలు. నేను లేచి వంటింటి వైపు రెండడుగులు వేశాను కూడా.

మా ఆవిడ నవ్వలేదు.

మీ యింట్లోనూ ఓ పాత కాసెట్టు వుంటే, కొత్త స్పీకర్లు కొనేముందు ఒక్క జంపఖానా పరిచి చూడండి.